మూడో బెజ్జం

ఆ ఆఫీసులో ఆమె పేరుతో ఎవరికీ పని లేదు. "ఎర్రచీటీ వస్తోంది" అంటే చాలు, బల్లల కింద ఉన్న హీటర్లు బీరువాల్లోకి, బీరువాల్లో ఉన్న టీ కెటిళ్లు కార్ల డిక్కీల్లోకి వెళ్లిపోయేవి. ప్రభుత్వ భవనాల్లో కరెంటు సామాను క్షేమంగా ఉందో లేదో చూసే తనిఖీ అధికారి ఆమె. ఏడాదికోసారి వచ్చి, ప్రతి ఫ్యానూ ప్రతి ప్లగ్ పాయింటూ పరీక్షించి, బాగుంటే పచ్చచీటీ, లేకపోతే ఎర్రచీటీ అంటించి, దాని మీద సంతకం పెట్టి వెళ్తుంది. ఎడమచేతి వాటం కావడంతో ఆ సంతకంలో అక్షరాలన్నీ వెనక్కి వాలి, మధ్యాహ్నం పూట కుర్చీల్లో జారబడ్డ గుమాస్తాల్లా ఉంటాయి. పదకొండేళ్లలో ఆ భవనంలో ఆమె అంటించిన పచ్చచీటీలు వేలల్లో ఉంటే, ఎర్రవి పాతిక కూడా ఉండవు. అయినా పేరు మాత్రం ఎర్రచీటీయే. బాగుందన్న మాట ఎవరికి గుర్తుంటుంది లెండి.

ఈసారి ఆమె వచ్చింది ఏడాది తనిఖీకి కాదు. మూడో అంతస్తులో, రికార్డుల గది బయట ఉన్న వాటర్ కూలరు ఒకామెకి షాక్ కొట్టింది. ఆ అంతస్తు ఊడ్చి తుడిచే మనిషామె. యాభై దాటిన మనిషి కనక అందరూ పెద్దమ్మ అంటారు. పొద్దున్నే వచ్చి గదుల తాళాలు తీస్తుంటే, గుర్రుమంటూ ఉండే కూలరు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకాగిందా అని దాని మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వేసినట్టే అతుక్కుపోయింది. ఎలా విడిపించుకుందో ఆమెకే తెలీదు, వెళ్లి ఎదురు గోడకి కొట్టుకుంది. మోచెయ్యి విరిగింది.

తర్వాత ఆఫీసు ఎలక్ట్రీషియన్ వచ్చాడు, అంతస్తు మొత్తానికి కరెంటొచ్చే పెట్టె తెరిచాడు, వదులైన వైరు ఒకటి బిగించాడు. కూలరు మళ్లీ గుర్రుమంది. అందరూ నీళ్లు తాగారు. సూపరింటెండెంటు కూడా తాగి, మూతి తుడుచుకుని, కాయితం ఒకటి తయారుచేశాడు. తడి చేతులతో యంత్రాన్ని ముట్టుకోవడం వల్ల ప్రమాదం జరిగిందనీ, ఇంత అజాగ్రత్త మనిషిని పనిలో ఉంచడం ఆఫీసుకి క్షేమం కాదనీ, సోమవారం నుంచి వేరే మనిషిని పంపమనీ ఆ కాయితం సారాంశం. నేల తుడిచే మనిషి చేతులు తడిగా కాక పొడిగా ఎందుకుంటాయని ఆయన వాదన. వాదన బాగానే ఉంది. కాంట్రాక్టు మనిషి కనక ఎదురువాదన లేదు. యంత్రంలో దోషం లేదని తనిఖీ అధికారి ఒక్క ముక్క రాసిస్తే పనైపోతుంది.

"ఐదు నిమిషాల పని మేడమ్. మీ పచ్చచీటీ దాని మీద ఉండనే ఉంది" అన్నాడు సూపరింటెండెంటు.

ఉంది. నాలుగు నెలల కింద తనే అంటించింది.

ఆమె సంచిలోంచి మూడు దీపాల పరికరం తీసి పాయింటులో గుచ్చింది. ప్లగ్ పాయింటుకి మూడు బెజ్జాలుంటాయి కదా. ఒకదాంట్లోంచి కరెంటు వస్తుంది, దాన్ని ఫేజ్ అంటారు. రెండోదాంట్లోంచి తిరిగి వెళ్తుంది, అది న్యూట్రల్. పైన పెద్దగా ఉండే మూడోది మామూలు రోజుల్లో ఏ పనీ చెయ్యదు. యంత్రం లోపల ఏదైనా తేడా చేసినప్పుడు, కరెంటు మనిషి ఒంట్లోకి కాకుండా నేలలోకి పోయేందుకు ఉన్న దారి అది. పరికరం మీద రెండు దీపాలు వెలిగితే మూడు బెజ్జాలూ సరిగ్గా ఉన్నట్టు. రెండూ వెలిగాయి. కూలరుని విడిగా పరీక్షించింది. దాని ఒంట్లో ఏ దోషమూ లేదు.

"చెప్పాను కదా" అన్నాడాయన.

పెద్దమ్మ కాస్త దూరంలో స్టూలు మీద కూచుని ఉంది. కట్టు కట్టిన చెయ్యి మెడ నుంచి వేలాడుతోంది.

"నా చేతులు పొడిగానే ఉన్నాయమ్మా. అప్పటికింకా బకెట్టు ముట్టుకోనేలేదు" అంది.

"ఎవరైనా అదే అంటారు" అన్నాడు సూపరింటెండెంటు.

"కూలరు నడుస్తుండగా కొట్టిందా పెద్దమ్మా, ఆగాకా?"

"ఆగాకేనమ్మా. ఆగిందనే కదా చెయ్యేశాను. నడుస్తుంటే నాకు దానితో ఏం పని?"

ఎర్రచీటీకి ఆ మాట గొంతులో ముల్లులా అడ్డం పడింది. తడి చెయ్యైతే ఏంటి, పొడి చెయ్యైతే ఏంటి, ఆగిపోయిన యంత్రం కొట్టకూడదు. కొట్టబోయినా మూడో బెజ్జం ఊరుకోకూడదు. అక్కడేమో రెండు దీపాలు అమాయకంగా వెలుగుతున్నాయి.

తనిఖీ ఫారంలో నలభై గళ్లున్నాయి. దీపాలు వెలిగాయా, ప్లగ్గు పగిలిందా, వైరు నలిగిందా, చీటీ అంటించారా, చీటీ వంకరగా ఉందా, అన్నీ ఉన్నాయి. పాయింటు విప్పి చూశారా అన్న గడి లేదు. లేని గడి నింపిన ఉద్యోగి ఎక్కడైనా ఉంటాడా? పదకొండేళ్లలో ఆమె కూడా ఒక్క పాయింటు విప్పలేదు. ఆ రోజు కింద పెట్టెలో కరెంటు ఆపించి, స్క్రూడ్రైవరు తీసుకుని విప్పింది.

లోపల మూడు వైర్లుండాలి. రెండే ఉన్నాయి. మూడో బెజ్జానికి నేలలోంచి రావాల్సిన పచ్చవైరు లేదు. దాని బదులు వేలెడు పచ్చముక్క ఒకటి, న్యూట్రల్‌కి మెలేసి, అటునుంచి మూడో బెజ్జం స్క్రూకి బిగించి ఉంది.

అలాంటి ముక్కేస్తే మూడు దీపాల పరికరం పోల్చుకోలేదు. దానికి మూడో బెజ్జంలో ఏదో ఒక దారి కనబడితే చాలు, సరే అంటుంది. అన్నీ బాగున్నన్నాళ్లూ ఏమీ కాదు. కానీ అంతస్తుకి కరెంటొచ్చే పెట్టెలో న్యూట్రల్ వదులైన రోజున కూలరు ఆగిపోతుంది, తిరిగి వెళ్లే దారి లేని కరెంటంతా ఆ ముక్క మీదుగా కూలరు ఒంటి మీదికెక్కి, ఎవరు ముట్టుకుంటారా అని కూచుంటుంది. కాపాడాల్సిన బెజ్జమే కాటేస్తుంది.

ఇంకోటి కూడా ఆమె కంటపడింది. మూడు మెలికలు, మెలిక చివర కొస వెనక్కి మడత. అలా మడత పెట్టే మేస్త్రీ కరెంటు పనుల శాఖలో ఒక్కడే. ఆమె మేనమామ. ఆమెకి ఈ పని నేర్పినవాడు. తొమ్మిదేళ్ల కింద రిటైరైనా ఇప్పటికీ వర్క్‌షాపులో ఆయన మాటే వేదం.

మెలి విడిపోకుండా, న్యూట్రల్ కొసతో సహా ఆ ముక్కని కత్తిరించి రుమాల్లో చుట్టింది. కూలరు మీద పచ్చచీటీ గీకి ఎర్రది అంటించింది.

"రిపోర్టు?" అన్నాడు సూపరింటెండెంటు.

"రేపిస్తాను."

"రేపు శుక్రవారం. సోమవారం కొత్త మనిషి వస్తుంది. మీకూ నాకూ ఎందుకు మేడమ్ ఇంత పీకులాట?"

*

ఆ సాయంత్రం మేనమామ ఇంటికి వెళ్లేసరికి, ఆయన కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూచుని పక్కింటివాళ్ల టేబుల్ ఫ్యాను విప్పి పోగులు పెట్టాడు. రిటైరయ్యాక ఆయనకి ఇంట్లో తోచదు. చుట్టుపక్కల బాగున్న ఫ్యాన్లు కూడా ఆయన పుణ్యమా అని ఏడాదికోసారి రిపేరుకొస్తాయి.

"ఏమే, దారి తప్పి వచ్చావా?" అన్నాడు.

ఆమె రుమాలు విప్పి ముక్క ఆయన చేతిలో పెట్టింది. రికార్డుల ఆఫీసు, మూడో అంతస్తు అంది.

ఆయన కళ్లజోడు పైకి తోసి, ముక్కని వెలుగుకి పెట్టి, వేళ్ల మధ్య ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చాలాసేపు చూశాడు. అత్తయ్య టీ తెచ్చి పెట్టి వెళ్లింది, అది కూడా ఆయన గమనించలేదు. చివరికి ముక్కని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నేనే చేశాను" అన్నాడు.

"ఇదొక్కటేనా?"

"ఆ అంతస్తంతా. నలభై ఆరు. పై అంతస్తుకొచ్చేసరికి పచ్చవైరు చుట్ట అయిపోయింది. తెల్లారితే ప్రారంభోత్సవం. మూడో బెజ్జం ఖాళీగా ఉంటే తనిఖీవాడు సంతకం పెట్టడు. ముక్కలు వేస్తే వాడి దీపాలు సరే అన్నాయి. చుట్ట రాగానే సరిచేద్దామనుకున్నాను."

"రాలేదా?"

"వచ్చింది. ఈలోగా నన్ను ఇంకో భవనానికి వేశారు. ఆ తర్వాత ఇంకోటి. తర్వాత తర్వాత అంటే ఇదిగో, ఇరవై రెండేళ్లు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు స్విచ్చి మీద చెయ్యేసేముందు పది జాగ్రత్తలు చెప్పిన మనిషి. కరెంటున్నదేదైనా అరచేత్తో ముట్టుకోకు, ముట్టుకోక తప్పకపోతే చేతి వెనక వైపుతో ముట్టుకో అని వంద సార్లు చేసి చూపించిన మనిషి.

"ఆవిడకి ఎవరూ చెప్పలేదు మావయ్యా, చేతి వెనకతో ముట్టుకోమని. మోచెయ్యి విరిగింది. పైగా తప్పు ఆవిడదేనంటున్నారు."

"నా పేరు రాయి" అన్నాడాయన, ఫ్యాను వైపే చూస్తూ. "పని చేసింది మేస్త్రీ అని రాసెయ్. నన్నేం చేస్తారు, మళ్లీ రిటైర్ చేస్తారా?"

"ఆ ముక్క ఇలా ఇవ్వు. రిపోర్టుకి కావాలి."

"ఉండనీ. నా దగ్గరుండనీ" అన్నాడు. జేబు మీద చెయ్యి తియ్యలేదు.

సిగ్గుపడుతున్నాడు కాబోలనుకుంది. పడనీ అనుకుంది. టీ తాగకుండానే లేచి వచ్చేసింది. ఆయన మీద అంత కోపం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

*

శుక్రవారం పొద్దున్నే మూడో అంతస్తుకి కరెంటు ఆపించింది. ఫ్యాన్లు ఆగాయి, కంప్యూటర్లు ఆరిపోయాయి. గుమాస్తాలు ఎర్రచీటీని నాలుగు తిట్టుకుని, ఎలాగూ పని లేదు కనక హాయిగా కింద చెట్టునీడకి పోయారు. ఆమె మూల గది నుంచి మొదలుపెట్టి ఒక్కో పాయింటూ విప్పుతూ వచ్చింది. ఒకటి, రెండు, మూడు. అన్నిట్లోనూ అదే ముక్క. అదే మూడు మెలికలు, అదే మడత.

ఏడోదాని దగ్గర చెయ్యి ఆగింది.

మెలి ఎడమకి తిరిగి ఉంది.

వెనక్కి వెళ్లి ఆరూ చూసింది. ఆరూ ఎడమకే. కుడిచేతివాళ్లు ప్లయర్‌తో మెలేస్తే మెలి కుడికి తిరుగుతుంది. మేనమామ కుడిచేతి మనిషి. సంచిలోంచి కొత్తవైరు రెండు ముక్కలు కోసి, ఆలోచించకుండా మెలేసి చూసుకుంది. ఎడమకి తిరిగింది. కొస వెనక్కి మడత కూడా దానంతటదే పడింది.

ఆమె నేల మీద కూలబడింది. అప్పుడు గుర్తొచ్చింది. తనకి పంతొమ్మిదేళ్లు. సెలవుల్లో ఖాళీగా ఉండడమెందుకని మావయ్య వెంట పనికెళ్లిన వేసవి. ఎన్ని భవనాలో, ఎన్ని వందల పాయింట్లో, ఏదీ విడిగా గుర్తు లేదు. కొత్త రంగు వాసన గుర్తుంది. బిస్కెట్ల డబ్బా గుర్తుంది. మావయ్య కింద పెట్టె దగ్గర పనిలో ఉండి, పచ్చముక్కలు కోసి ఆ డబ్బాలో పోసి పైకి పంపాడు. "ఇందులోంచి అందులోకి. మెలి గట్టిగా ఉండాలి, చూసుకో" అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. అడగడానికి కావలసిన చదువు అప్పటికింకా చదవలేదు. చదివాక, ఆ డబ్బా గుర్తు రాలేదు.

నిన్న కిటికీ దగ్గర ఆయన ముక్కని ఇటూ అటూ ఎందుకు తిప్పాడో అప్పుడు తెలిసింది. జేబులో ఎందుకు వేసుకున్నాడో కూడా తెలిసింది. సిగ్గుపడుతున్నాడని తను కోపంగా లేచి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చింది కూడా.

ఏడుపైపోయాక బుద్ధి లెక్కలు వెయ్యడం మొదలుపెట్టింది. బుద్ధి ఎప్పుడూ అంతే, కన్నీళ్లు ఆరేదాకా కూడా ఆగదు. మేస్త్రీ ఒప్పుకున్నాడు. మెలి ఎటు తిరిగిందో చూసి మనిషిని పోల్చగలవాళ్లు ఈ లోకంలో ఇద్దరే ఉన్నారు, రెండోవాడు నోరు విప్పడు. దీపాల్ని నమ్మి పచ్చచీటీ వెయ్యడం తప్పే అయినా అది శాఖలో అందరి తప్పు, తలా పిడికెడు పంచుకోవచ్చు. మేస్త్రీ పేరు రాస్తే పెద్దమ్మ పని ఎలాగూ నిలబడుతుంది. ఆమె అడుగుతున్నది అదే కదా.

పన్నెండో పాయింటు విప్పుతున్నంతసేపూ ఆ లెక్క బాగానే ఉంది. ఇరవయ్యోదాని దగ్గరికొచ్చేసరికి ఆమెకి తన మెలి చూస్తే అసహ్యం వేసింది. అంత చక్కగా ఉంది. నలభై ఆరోది, కూలరుది, నిన్ననే విప్పింది. అప్పటిదాకా విప్పిన నలభై ఐదూ ఫొటోలు తీసి, అక్కడే కిటికీగూట్లో కాయితాలు పెట్టుకుని రిపోర్టు రాసింది. యంత్రంలో లోపం లేదు. ముట్టుకున్న మనిషిలో లోపం లేదు. ఆమె చేతులు పొడిగా ఉన్నాయి. లోపం పాయింట్లలో ఉంది. మూడో బెజ్జాలన్నిట్నీ న్యూట్రల్‌కి కలిపేశారు. పని చేసినవారు అన్నచోట, ఇరవై రెండేళ్ల కింద మేస్త్రీ చెప్పగా నేను చేశాను అని రాసింది. పదకొండేళ్లుగా ఏటేటా బాగుందని సంతకం పెట్టింది కూడా నేనే అని దాని కింద రాసింది.

సూపరింటెండెంటు చదివి, మళ్లీ చదివి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. నిజానికి చెడ్డవాడు కాదాయన, కాయితం సాఫీగా ఉంటే చాలనుకునే మనిషి.

"ఇది మీకే చుట్టుకుంటుంది మేడమ్. గుర్తు తెలియని పనివాడు అని రాయకూడదా? అందరూ ఒడ్డున పడతాం."

"గుర్తు తెలిసింది సార్."

ఆయన తన పాత కాయితాన్ని నిలువునా చింపి, బుట్టలో వెయ్యబోయి, జేబులో వేసుకున్నాడు.

బయట పెద్దమ్మ స్టూలు మీదే ఉంది.

"నా చేతులు పొడివేనని రాశారా అమ్మా?"

"రాశాను. మీ పని ఎక్కడికీ పోదు."

పెద్దమ్మ తలాడించింది. "ఎవరంట, అట్లా పెట్టింది?" అంది.

"నేనే."

పెద్దమ్మ ఆమెని కింది నుంచి పైదాకా చూసింది. తిడుతుందేమో అనుకుంది ఎర్రచీటీ. తిడితే బాగుండుననుకుంది కూడా.

"పొద్దుటిపూట నొప్పి ఎక్కువుంటోందమ్మా" అని, మంచి చేత్తో తాళంచెవులు తీసుకుని పెద్దమ్మ లేచి వెళ్లింది.

*

శాఖ మీద విచారణ వేశారు. అది తేలేదాకా చీటీలు అంటించే అధికారం ఆమెకి లేదన్నారు. మూడో అంతస్తుకి పచ్చవైరు రెండు రోజుల్లో వచ్చింది, ఇరవై రెండేళ్లు రానిది. ఫారంలో నలభై ఒకటో గడి చేరుద్దామని పైనుంచి ఆదేశం కూడా వచ్చింది. పాయింటు విప్పి చూశారా, అవును, కాదు.

అవన్నీ తర్వాతి వారం మాట. అంతకుముందే, ఆ ఆదివారం పొద్దున, మేనమామ ఇంటికి వెళ్లింది. ఫ్యాను ఇంకా పోగులుగానే ఉంది. ఆయన దాన్ని ముట్టుకున్నట్టు లేదు.

"మావయ్యా, ఆ ముక్క ఇవ్వు."

"పారేశాను" అన్నాడు.

"పారేస్తే ఏమైంది, ఇంకా నలభై ఐదున్నాయి."

ఆయన తలెత్తి చూశాడు. ఆమెకి తెలిసిపోయిందని ఆయనకి తెలిసింది.

"అన్నీ ఎడమేనా?"

"అన్నీ ఎడమే."

"ఏమని రాశావు?"

"ఉన్నదే రాశాను. నువ్వు చెప్పావు, నేను చేశాను."

"నీకేం తెలుసే అప్పుడు, పసిపిల్లవి. తెలిసినవాణ్ణి నేను. నేను చేసినట్టే కదా అది" అన్నాడు.

ఆమె ఎదురుగా కింద కూచుంది. అత్తయ్య టీ తెచ్చింది. ఈసారి ఆమె తాగింది.

టీ అయ్యాక ఆయన జేబులో చెయ్యి పెట్టి ముక్క తీశాడు. చొక్కా మారింది గానీ జేబులో సరుకు మారలేదు. ముక్క మీద రాగి గీసుకుపోయి ఉంది, ప్లయర్ పళ్ల గాట్లు కొత్తగా మెరుస్తున్నాయి.

"విప్పేద్దామని చూశాను" అన్నాడు. "విప్పి కుడికి మెలేద్దామని. రెండు రోజులు చూశాను. రాలేదే."

ఆమె అరచెయ్యి చాపింది. ఆయన అందులో ముక్క పెట్టి, వేళ్లు మూశాడు.

"గట్టిగా వెయ్యమన్నాను కదా" అన్నాడు. "వేశావు."